గడ్డ పెరుగుదలకూ ఒక లెక్క ఉంది

విశాఖలో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనైనా, కేజీహెచ్‌లోనైనా రోగి వెంట వచ్చినవాళ్లు తరచూ అడిగేదే: "మొన్నటిదాకా బాగానే ఉన్నారు కదండీ, ఇంతలోనే ఇంత గడ్డ ఎలా వచ్చింది?"

ఇంతలోనే రాలేదు. ఒక కణం రెండై, రెండు నాలుగై, అలా 30 సార్లు రెట్టింపైతే సుమారు వంద కోట్ల కణాలవుతాయి. అంటే దాదాపు సెంటీమీటరు గడ్డ, గ్రాము బరువు. ఇంకో పదిసార్లు అదే వేగంతో రెట్టింపైతే కిలో! మనకు తెలిసేనాటికే దాని ప్రయాణం చాలావరకు అయిపోయి ఉంటుంది.

అయితే ఆ వేగం చివరిదాకా నిలవదు. మనుషుల మరణాల రేటును లెక్కకట్టడానికి 1825లో గణితవేత్త బెంజమిన్ గోంపెర్ట్జ్ ఇచ్చిన సూత్రం, జంతువుల్లో గడ్డల పెరుగుదలకు చక్కగా సరిపోతుందని 1964లో పరిశోధకురాలు అన్నా లెయిర్డ్ చూపించారు. మొదట్లో జోరు, పెరిగేకొద్దీ నెమ్మది.

ఎందుకు నెమ్మదిస్తుంది? దానికి మైక్రోస్కోపు కిందికి వెళ్లాలి. రక్తనాళం నుంచి ఆక్సిజన్ 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల దూరమే చేరుతుంది, దారిలోని కణాలే దాన్ని వాడేసుకుంటాయి. 1955లో థామ్లిన్సన్, గ్రే అనే పరిశోధకులు ఊపిరితిత్తి క్యాన్సర్ ముక్కల్లో దీన్ని కళ్లారా చూశారు: నాళానికి దగ్గరగా బతికున్న కణాలు, దూరంగా లోపల చచ్చిన కణాల ముద్ద. ఈ రెండింటి మధ్య ఆకలితో విభజన ఆపేసిన కణాలుంటాయి. విభజన చెందే కణాల మీద పనిచేసే మందులకు చిక్కనివి ఇవే. నా దృష్టిలో అసలు కీలకం ఈ పొరే.

కణంలో మార్పులు నిమిషాల్లో జరుగుతాయి, గడ్డ నెలల్లో పెరుగుతుంది. ఈ రెండు స్థాయిలనూ ఒకే గణిత నమూనాలో (మోడల్‌లో) కలపడమే గణితవేత్తలకు పెద్ద పరీక్ష.

ఈ లెక్కలు కాగితం మీదే ఆగిపోలేదు. కీమో తర్వాత మిగిలిన చిన్న గడ్డ మళ్లీ జోరుగా పెరుగుతుంది కాబట్టి గడ్డ చిన్నదయ్యాక కూడా చికిత్స జోరు తగ్గించకూడదని 1977లో నార్టన్, సైమన్ అనే పరిశోధకులు వాదించారు. మోతాదుల మధ్య విరామం తగ్గించాలన్న ఆలోచన దాన్నుంచే వచ్చింది. 2003లో ఫలితాలు వెలువడిన రొమ్ము క్యాన్సర్ చికిత్స ప్రయోగంలో (క్లినికల్ ట్రయల్) అవే మందులు మూడు వారాలకు బదులు రెండు వారాలకోసారి ఇస్తే ఫలితం మెరుగైంది.

ఒక మనిషి గడ్డ వేగం తెలియాలంటే మాత్రం తేదీలతో కనీసం రెండు కొలతలుండాలి. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో పెద్దాసుపత్రికి బయల్దేరేటప్పుడు పాత స్కాన్ ఫిల్ములు, సీడీలు, రిపోర్టులు తప్పకుండా సంచిలో పెట్టుకోండి.