అమెరికా పోస్టల్ ఓటు: అనుమానమంతా కవరు దగ్గరే

2020 నవంబరు 3న పోలింగ్ ముగిసింది. మర్నాటి పొద్దుటికి పెన్సిల్వేనియాలో ట్రంప్ దాదాపు 7 లక్షల ఓట్ల ఆధిక్యంలో ఉన్నారు. శనివారానికల్లా ఆ రాష్ట్రం బైడెన్ ఖాతాలో పడింది. తుది లెక్కలో మెజారిటీ 80,555. పడుకునేటప్పుడు గెలిచినవాడు లేచేసరికి ఓడిపోతే మనసు ఊరుకోదు. ‘రాత్రికి రాత్రి ఓట్లు తెచ్చి కలిపారు’ అన్న మాట అక్కడే పుట్టింది.

కలిపింది ఎవరూ లేరు. ఆ వారం ఏం జరగబోతోందో ముందే చట్టంలో రాసి ఉంది. 2019 అక్టోబరులో రిపబ్లికన్ల ఆధిక్యంలోని శాసనసభ, డెమోక్రాట్ గవర్నర్ కలిసి తెచ్చిన ‘యాక్ట్ 77’ కారణం చెప్పకుండానే ఎవరైనా పోస్టులో ఓటేయవచ్చని అనుమతించింది. కానీ కవర్లు విప్పే పని మాత్రం పోలింగ్ రోజు ఉదయం 7 గంటల తర్వాతే మొదలుపెట్టాలి. మరుసటి ఏడాది కరోనా వచ్చింది. సుమారు 26 లక్షల కవర్లు వచ్చి పడ్డాయి. అదే ఫ్లోరిడాలో అప్పట్లో పోలింగ్‌కు 22 రోజుల ముందు నుంచే కవర్లు విప్పుకుని సిద్ధంగా ఉండే వీలుండేది. అందుకే అక్కడి ఫలితం ఆ రాత్రికే తేలిపోయింది. దేశం ఒకటే, ఓటు ఒకటే, కత్తెర పట్టే రోజు మాత్రం వేరు.

కవరు విప్పడానికి అంత సేపు దేనికని అనిపించవచ్చు. మన దగ్గర ఎన్నికల డ్యూటీ చేసిన ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ తెలుసు: 13ఏ డిక్లరేషన్, బ్యాలెట్ పెట్టే 13బీ లోపలి కవరు, అన్నీ కలిపి పంపే 13సీ పై కవరు. అమెరికాలోనూ దాదాపు ఇదే ఏర్పాటు. పై కవరు మీద ఓటరు సంతకం, బార్‌కోడ్ ఉంటాయి. పెన్సిల్వేనియా లాంటి రాష్ట్రాల్లో దాని లోపల ఏ గుర్తూ లేని రహస్య కవరు, అందులో బ్యాలెట్. ఆ రహస్య కవరు మరిచిపోతే ఓటు చెల్లదు. ఇలా వచ్చేవాటికి అక్కడ ‘దిగంబర బ్యాలెట్’ అని పేరు.

ముందు బార్‌కోడ్ స్కాన్ చేస్తారు. ఆ ఓటరు మళ్లీ బూత్‌కు వస్తే అక్కడి సిబ్బందికి తెలియాలి కదా. తర్వాత సంతకం పరీక్ష. ఈ నిబంధన ఉన్న రాష్ట్రాల్లో ఓటరు నమోదు నాటి సంతకంతోనో, లైసెన్స్ మీది సంతకంతోనో పోల్చి చూస్తారు. తేడా కనిపిస్తే కొలరాడోలో రెండు పార్టీల మనుషులు కలిసి చూడాలి. ఇద్దరూ కాదంటే ఓటరుకు ఉత్తరం వెళ్తుంది, సరిచేసుకోవడానికి పోలింగ్ తర్వాత 8 రోజుల గడువు ఉంటుంది. ఆ పైన కవరు కోయడం, లోపలి కవరు వేరు చేయడం, మడతలు పడ్డ బ్యాలెట్‌ను చదును చేయడం. చిరిగినదీ, కాఫీ ఒలికినదీ స్కానర్ చదవదు. ఇద్దరు మనుషులు కూర్చుని దాన్ని చూస్తూ కొత్త బ్యాలెట్ మీద అవే గుర్తులు దింపాలి. లక్షల్లో వస్తే ఇది రోజుల పని.

పైకవరు నుంచి బ్యాలెట్ వేరైన క్షణం నుంచీ ఆ ఓటు ఎవరిదో ఎవరూ చెప్పలేరు. రహస్య ఓటింగ్ అంటే అదే. కాబట్టి పరీక్ష ఏదైనా కవరు మూసి ఉండగానే జరిగిపోవాలి. తర్వాత వంద సార్లు రీకౌంటింగ్ చేసినా దొంగ సంతకం బయటపడదు, లెక్క తప్పులు మాత్రమే బయటపడతాయి. అందుకే, నిజమైన మోసమైనా ఉత్తుత్తి అనుమానమైనా, నూటయాభై ఏళ్లుగా గొడవంతా కవరు చుట్టూనే నడిచింది.

అంతర్యుద్ధం నడుస్తుండగా, 1864లో లింకన్, మెక్‌క్లెలన్ పోటీపడ్డ ఎన్నికల్లో యుద్ధరంగంలో ఉన్న సైనికులకు చాలా ఉత్తరాది రాష్ట్రాలు ఓటు హక్కు ఇచ్చాయి. న్యూయార్క్ పద్ధతి ప్రకారం సైనికుడు ఓటును కవరులో పెట్టి, అధికారి సంతకంతో ఇంటికి పంపితే, అక్కడ అతని తరఫున వేసేవారు. బాల్టిమోర్‌లో కొందరు ఏజెంట్లు సైనికుల పేర్లు, అధికారుల సంతకాలు తామే గీకేస్తూ పట్టుబడ్డారు. సైనిక న్యాయస్థానం విచారించి శిక్షించింది. రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ సైనికుల ఓటు చర్చకు వచ్చింది. ఈసారి దక్షిణాది నాయకుల భయం మోసం గురించి కాదు, దక్షిణాదిలో ఓటేయాలంటే కట్టాల్సిన ఓటు పన్ను కట్టకుండానే నల్లజాతి సైనికులు ఓటేస్తారని. ‘ఎన్నికల పవిత్రత’ అన్న మాట విన్నప్పుడల్లా ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

మామూలు ఓటరుకు కారణం అడగకుండా పోస్టల్ ఓటు ఇవ్వడం 1978లో కాలిఫోర్నియాతో మొదలైంది. ఓరెగాన్ ఇంకా ముందుకు పోయి 1998లో ప్రజాభిప్రాయ సేకరణతో పోలింగ్ బూత్‌లనే ఎత్తేసింది. 2000 అధ్యక్ష ఎన్నిక అక్కడ పూర్తిగా పోస్టులోనే జరిగింది. తర్వాత వాషింగ్టన్, కొలరాడో, యూటా అదే దారి పట్టాయి. యూటా గట్టి రిపబ్లికన్ రాష్ట్రం. అంటే 2020కి ముందు ఇది పార్టీల గొడవే కాదు.

నిజానికి 2000లో అనుమానం అవతలి పక్షానిది. ఫ్లోరిడాలోని సెమినోల్ కౌంటీలో (కౌంటీ మన జిల్లా లాంటిది) రిపబ్లికన్ పార్టీ తన ఓటర్లకు పంపిన దరఖాస్తుల్లో ఓటరు నంబరు అచ్చు పడలేదు. పార్టీ కార్యకర్తలు ఎన్నికల కార్యాలయంలోనే కూర్చుని ఆ నంబర్లు నింపారు. దాదాపు 15,000 ఓట్లు కొట్టేయాలని డెమోక్రాట్ల వైపు నుంచి కేసు పడింది. కోర్టులు ఒప్పుకోలేదు. బుష్ ఆ రాష్ట్రంలో గెలిచింది 537 ఓట్లతో.

2005లో మాజీ అధ్యక్షుడు కార్టర్, మాజీ విదేశాంగ మంత్రి బేకర్ నేతృత్వంలోని కమిషన్ ఓటు మోసానికి అతి పెద్ద అవకాశం పోస్టల్ బ్యాలెట్‌లోనే ఉందని చెప్పింది. 2020లో ట్రంప్ వర్గం పదేపదే ఎత్తిచూపింది ఈ మాటనే. మాట తప్పు కాదు. బూత్‌లో ఓటరు పక్కన ఎవరూ ఉండరు, ఇంట్లో వంటగది బల్ల దగ్గర ఎవరైనా ఉండవచ్చు.

మోసం ఎలా ఉంటుందో చూడాలంటే 2018లో ఉత్తర కరొలినా 9వ జిల్లా (ప్రతినిధుల సభ నియోజకవర్గం) చూడాలి. రిపబ్లికన్ అభ్యర్థి మార్క్ హారిస్ 905 ఓట్ల ఆధిక్యం సాధించారు. బ్లేడెన్ కౌంటీలో మాత్రం లెక్క కుదరలేదు. అక్కడ పోస్టల్ ఓటేసిన వాళ్లలో రిపబ్లికన్లుగా నమోదైనవాళ్లు 19 శాతమే, హారిస్‌కు పడినవి 61 శాతం. విచారణలో బయటపడింది ఇదీ: హారిస్ ప్రచారానికి పనిచేసిన ఒక స్థానికుడు డబ్బిచ్చి మనుషుల్ని పెట్టి, ఇంటింటికీ తిరిగి బ్యాలెట్లు సేకరించాడు. అక్కడ అదే నేరం. సాక్షి సంతకం ఓటరు వాడిన రంగు సిరాతోనే పెట్టాలి, స్టాంపు అనుమానం వచ్చేలా అతికించకూడదు, ఒకేసారి ఎక్కువ పోస్ట్ చేయకూడదు, ఇదీ వాళ్లకు అందిన శిక్షణ. రాష్ట్ర ఎన్నికల బోర్డు ఫలితాన్ని ధ్రువీకరించలేదు, 2019లో మళ్లీ ఎన్నిక పెట్టింది.

మయామీ మేయర్ ఎన్నిక (1997), న్యూజెర్సీలో ప్యాటర్సన్ నగర మండలి (2020), కనెక్టికట్‌లో బ్రిడ్జ్‌పోర్ట్ డెమోక్రటిక్ ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక (2023), ఇవన్నీ ఇదే కోవ. కోర్టు ఒకచోట ఫలితాన్నే తిరగరాసింది, మిగతా చోట్ల మళ్లీ పోటీ పెట్టించింది. అన్నిటిలోనూ పోలిక ఒకటే: స్థానిక పోటీ, కొద్ది తేడా, మధ్యలో బ్యాలెట్లు మోసే దళారీ. వందల ఓట్లకు పనికొచ్చే ఈ ఎత్తు లక్షలకు పనికిరాదు, ఎందుకంటే అంతమంది దళారీల నోరు మూయించడం ఎవరి తరమూ కాదు.

2020లో జరిగింది వేరే. పోస్టులో ఓటేసినవారు 2016లో ఐదో వంతు, ఈసారి 43 శాతం. పోస్టల్ ఓటు నమ్మవద్దని ట్రంప్ నెలల తరబడి చెప్పడంతో ఆయన అభిమానులు బూత్‌కు వెళ్లారు, కవర్లలో డెమోక్రాట్ ఓట్లు నిండాయి. ముందు బూత్ ఓట్లు, తర్వాత కవర్లు లెక్కపెట్టే రాష్ట్రాల్లో బొమ్మ తిరగబడక తప్పదు. 60కి పైగా కేసులు పడ్డాయి, ఫలితాన్ని మార్చే ఆధారం ఏ కోర్టులోనూ నిలబడలేదు. జార్జియాలోని కాబ్ కౌంటీలో 15,118 కవర్ల మీది సంతకాలు మళ్లీ పరిశీలిస్తే ఆపాల్సినవి రెండే తేలాయి, ఆ రెండూ మోసం కావు. అరిజోనాలోని మరికోపా కౌంటీలో రిపబ్లికన్ల ఆధిక్యంలోని రాష్ట్ర సెనేట్ నియమించిన సంస్థ 21 లక్షల బ్యాలెట్లు తిరగేసింది, ఆసియా నుంచి దొంగ బ్యాలెట్లు వచ్చాయన్న పుకారు మీద కాగితంలో వెదురు పీచు ఉందేమోనని కూడా వెతికింది. చివరికి వాళ్ల లెక్కలోనే బైడెన్‌కు 99 ఓట్లు పెరిగి, ట్రంప్‌కు 261 తగ్గాయి.

అయినా చట్టాలు మారాయి. టెక్సాస్‌లో లైసెన్స్ నంబరు లేదా సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు కవరు మూత కింది గడిలో రాయాలన్నారు. ఎప్పుడో నమోదు చేసుకున్నప్పుడు ఒక నంబరు ఇచ్చి ఇప్పుడు రెండోది రాసినవాళ్లు, అసలు ఆ గడినే చూడనివాళ్లు వేలల్లో తేలారు. 2022 మార్చి ప్రైమరీలో దాదాపు 12 శాతం పోస్టల్ ఓట్లు తిరస్కరించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 కౌంటింగ్ ముందు ఇలాంటి తగువే వచ్చింది. 13ఏ మీద అటెస్ట్ చేసిన అధికారి సంతకం ఉండి సీలు లేకపోతే ఓటు చెల్లుతుందా అని వైఎస్సార్‌సీపీ హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండూ జోక్యం చేసుకోలేదు.

పెన్సిల్వేనియాలో పై కవరు మీద చేత్తో తేదీ రాయని ఓట్లు కొట్టేసేవారు. ఓటు ఎప్పుడొచ్చిందో బార్‌కోడే చెబుతుంది, రాసిన తేదీతో పనే లేదు. 2025 ఆగస్టులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ తిరస్కరణ రాజ్యాంగ విరుద్ధమంది. పోలింగ్ తర్వాత ఐదు పని దినాల్లోగా అందిన కవర్లను లెక్కించే మిసిసిపీ చట్టం మీది కేసును అదే ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకుంది.

ఇంతకీ పెన్సిల్వేనియాలో ఉదయం 7 గంటల నిబంధన సంగతి? 2024 ఎన్నికకూ అది మారలేదు. 2022లో రాష్ట్రం కౌంటీలకు డబ్బిచ్చి, మొదలుపెట్టాక ఆపకుండా పని సాగించాలని షరతు పెట్టింది. కవర్లు కోసే యంత్రాలు కొన్నారు, కవర్లూ తగ్గాయి. ఆ రాత్రి తెల్లారేలోపే ఫలితం తెలిసింది, ట్రంప్ గెలిచారు. రాత్రికి రాత్రి ఓట్లు కలిపారన్న మాట ఆయన వైపు నుంచి ఈసారి రాలేదు.