పది పౌండ్ల జరిమానా, మింగేసిన దేవుడి పేరు

ఇంగ్లిష్‌లో ఆశ్చర్యపోతే 'గాష్' అంటారు, విసుగొస్తే 'డార్న్' అంటారు. ఇలాంటి మెత్తని మాటలు చాలావరకు భయం వల్ల పుట్టినవే. దేవుడి పేరు వ్యర్థంగా పలకకూడదని బైబిల్ పది ఆజ్ఞల్లోనే ఉంది.

అయినా మధ్యయుగాల ఇంగ్లండ్‌లో జనం క్రీస్తు రక్తం మీద, గాయాల మీద, ఆఖరికి సిలువకు కొట్టిన మేకుల మీద కూడా ఒట్లు పెట్టేవారు. అలా ఒట్టేసినప్పుడల్లా ఆయన ఒళ్లు మళ్లీ చీల్చినట్టేనని మతబోధకులు మందలించేవారు. అలవాటు మాత్రం పోలేదు, దేవుడి పేరును సగం మింగేయడం మొదలైంది. 'గాడ్స్ వూండ్స్' (దేవుడి గాయాలు) కాస్తా 'జౌండ్స్' అయింది, 'గాడ్స్ బ్లడ్' (దేవుడి రక్తం) 'స్‌బ్లడ్' అయింది.

1606లో పార్లమెంటు నాటకాల మీద పడింది. రంగస్థలం మీద దేవుడి పేరునో క్రీస్తు పేరునో వేళాకోళంగా వాడితే ఒక్కో తప్పుకు పది పౌండ్లు జరిమానా. అందులో సగం రాజుకి, సగం కేసు పెట్టినవాడికి! పక్కవాడి నోటిమీద నిఘా పెట్టడానికి ఇంతకన్నా ఆశ ఏం చూపాలి? షేక్‌స్పియర్ 'ఒథెల్లో' చూడండి. 1622 ప్రతిలో అందులోని విలన్ ఇయాగో మొదటి మాటే 'స్‌బ్లడ్'. షేక్‌స్పియర్ నాటకాల 1623 నాటి పెద్ద సంపుటిలో ఆ మాట ఎగిరిపోయింది, 'నువ్వు నా మాట వినవుగా' అన్న భాగమే మిగిలింది. రాగానే నోరు పారేసుకునే మనిషి కాస్త మర్యాదస్తుడిలా కనిపిస్తాడు. పాత్రకు అది నిజంగా నష్టమే.

తర్వాత 1745 చట్టం మామూలు జనం నోటికీ ధర కట్టింది. కూలీ, సిపాయి, నావికుడు ఒట్టేస్తే షిల్లింగు, పెద్దమనిషి అయితే ఐదు. పైకి న్యాయంగానే ఉంది. కానీ కట్టలేని కూలీకి శిక్షాగృహంలో చాకిరీ తప్పేది కాదు. జేబు నిండుగా ఉన్నవాడు కట్టేసి వెళ్లిపోయేవాడు.

'గాడ్'కు బదులు 'గాష్', 'గాలీ', 'డ్యామ్'కు బదులు 'డార్న్' రాతలోకి ఎక్కింది ఆ శతాబ్దంలోనే. 'దేవుడు నా కళ్లు పోగొట్టుగాక' అనే ఘోరమైన ఒట్టు 19వ శతాబ్దంలో 'బ్లైమీ'గా కుదించుకుపోయింది. 1745 చట్టం మాత్రం 1967 దాకా పుస్తకాల్లోంచి పోలేదు.