రంగు గీత దాటకుండా ఉండాలంటే

తిరుపతిలో కుట్టు పని చేసుకునే ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. కాటన్ చున్నీల మీద వేద్దామని చెక్క అచ్చు, రియాక్టివ్ రంగు కొన్నారట. రంగును నీళ్లలో కలిపి అచ్చు ముంచి ఒత్తితే, తామరపువ్వు రావాల్సిన చోట పెద్ద మరక వచ్చిందట. "కొంచెం మైదా కలిపి చిక్కగా చేస్తే సరిపోతుందా?" అన్నారు. చిక్కగా చేయాలన్నది సరైన ఆలోచనే. మైదా మాత్రం ఈ రంగుకు పనికిరాదు.

ముందు ఆ మరక సంగతి చూద్దాం. నూలుదారం అంటే పురిపెట్టిన సన్నటి పోగుల కట్ట. పోగుల మధ్య సందులన్నీ సన్నటి గొట్టాలే, ద్రవం వాటిలోకి తనంతట తానే పాకుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో కేశనాళికీయత పాఠానికి గాజు గొట్టం బొమ్మ గీసి, సూత్రం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం చాలామందిమి ఉంటాం. చీర కుచ్చిళ్లు నీళ్లలో తగిలితే తడి పైకెందుకు పాకుతుందో ఆ క్లాసులో ఒక్క గుడ్డముక్క పెట్టి చూపిస్తే ఎంత బాగుండేది!

ఆ పాఠంలో సాధారణంగా కనిపించని సూత్రం ఇంకొకటి ఉంది. 1921లో వాష్‌బర్న్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త ఇచ్చినది. సందులో ద్రవం పాకిన దూరాన్ని వర్గం చేస్తే వచ్చేది ఇది: తలతన్యత, సందు వ్యాసార్థం, స్పర్శకోణపు కొసైన్, పట్టిన కాలం, ఈ నాలుగింటినీ గుణించి, స్నిగ్ధతకు రెట్టింపుతో భాగించాలి. స్నిగ్ధత అంటే మనం చిక్కదనం అనేదే. స్పర్శకోణం అంటే ద్రవం అంచు పోగును తాకే కోణం. అద్దకం పని సగం ఈ ఒక్క సూత్రంలోనే ఉందని నా నమ్మకం.

లెక్క వేసి చూడండి. సందు వ్యాసార్థం 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుందాం. మామూలు నీళ్లు ఒక్క సెకనులో దాదాపు 13 మిల్లీమీటర్లు పాకుతాయి. తామరరేకు వెడల్పు అంత కూడా ఉండదు. ఇప్పుడు నీళ్లను 4 రెట్లు చిక్కగా చేస్తే? పాకడం నాలుగో వంతుకు పడిపోదు, సగమే తగ్గుతుంది. వర్గమూలంతో వచ్చే తంటా అది. పదో వంతుకు తగ్గాలంటే 100 రెట్లు చిక్కబడాలి. నూరో వంతుకు, అంటే 0.13 మిల్లీమీటర్లకు తగ్గాలంటే 10,000 రెట్లు. "రెండు చెంచాలు కలిపినా పాకుతూనే ఉంది" అని చాలామంది విసుక్కునేది ఇందుకే. కొంచెం చిక్కదనంతో పని జరగదు.

ఇక్కడే శ్రీకాళహస్తి కలంకారీ గుర్తుకు రావాలి. అక్కడ కలంతో గీసే కసిమి నీళ్లలా పలచగానే ఉంటుంది. ఇనుప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి నానబెట్టిన ద్రావణం అది. మరి గీత ఎందుకు చెదరదు? గుడ్డను ముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు పోగులకు పట్టుకుని స్పర్శకోణాన్ని పెంచుతుంది, కొసైన్ తగ్గుతుంది. కోణం 80 డిగ్రీలకు చేరిందనుకుంటే కొసైన్ 0.17, పాకే దూరం సగానికంటే తక్కువ. పెడన అచ్చు పనివాళ్లు బంకతో స్నిగ్ధతను పట్టుకుంటే, కాళహస్తివాళ్లు పాలతో కొసైన్‌ను పట్టుకున్నారు. ఒకే సూత్రం, ఒకరు హారంలో చెయ్యి పెట్టారు, ఇంకొకరు లవంలో! ఇక కలం తాకగానే గీత నల్లబడేది కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసినందుకు. ఇనుము దగ్గరుంటే గాలి సోకదంటారు మన పెద్దవాళ్లు. గాలి సంగతేమో గానీ, టానిన్‌కు మాత్రం ఇనుమంటే తప్పించుకోలేని బంధం.

సరే, చిక్కదనానికి వద్దాం. ఎంత చిక్కగా ఉన్నా అచ్చు మీద నుంచి గుడ్డ మీదికి దిగాలి కదా. దోసెపిండిని చూడండి. గరిటెలో కదలకుండా కూర్చుంటుంది, పెనం మీద గరిటెతో తిప్పుతుంటే సాగుతుంది, గరిటె ఎత్తగానే ఎక్కడిది అక్కడ ఆగిపోతుంది. మంచి అచ్చు రంగూ ఇంతే. బంకలోని పొడవాటి అణుగొలుసులు ఊరికే ఉన్నప్పుడు చిక్కుపడి ఉంటాయి. అచ్చు మీద గుద్దినప్పుడు ఒక వరసకు వచ్చి జారతాయి, ఒత్తిడి పోగానే మళ్లీ చిక్కుపడతాయి.

చిత్తూరు వైపు ఇలాంటి గొలుసులకు కొదవలేదు, చింతగింజల నిండా అవే. గింజలు వేయించి, పొట్టు తీసి, పప్పును పొడిచేసి నీళ్లలో ఉడికిస్తే చక్కటి జిగురు వస్తుంది. పొట్టు మాత్రం పూర్తిగా పోవాలి. అందులోనూ టానిన్ ఉంది, ఇనుము తగిలితే రంగు మాసిపోతుంది. పటిక ద్రావణాన్ని ఇలాంటి జిగురుతో అచ్చువేసి, ఆరాక జిగురును నీళ్లలో కడిగేసి, ఎర్రరంగునిచ్చే చిరివేరు నీళ్లలో ఉడికిస్తే పటిక ఉన్నచోట ఎరుపు నిలుస్తుంది.

మరి రియాక్టివ్ రంగుకు ఇది, మైదా ఎందుకు కుదరవు? ఆ రంగు నూలులోని హైడ్రాక్సిల్ సమూహాలను (ఆక్సిజన్-హైడ్రజన్ జంటలను) వెతికి గట్టిగా బంధం వేసుకుంటుంది. మైదాలోని పిండిపదార్థంలోనూ, చింతగింజ బంకలోనూ అవే హైడ్రాక్సిల్‌లు. రంగు గుడ్డను వదిలి బంకనే పెళ్లాడుతుంది. ఉతికితే బంకతో పాటు రంగూ పోతుంది, పోనిది గుడ్డను అట్టలా బిగుసుకునేలా చేస్తుంది. అందుకని గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే సోడియం ఆల్జినేట్ వాడతారు. అందులో సులభంగా చర్య జరిపే ప్రాథమిక హైడ్రాక్సిల్ స్థానంలో కార్బాక్సిల్ సమూహం ఉంటుంది. దానికి రుణావేశం, రంగుకూ రుణావేశం. దూరంగా ఉంటాయి.

మధ్యరకం ఆల్జినేట్ అయితే లీటరు నీటికి 30, 40 గ్రాములు. ఒక్కసారిగా పోస్తే ఉండలు కడుతుంది, కలియబెడుతూ చల్లి కొన్ని గంటలు నాననివ్వాలి. బోరునీళ్లతో జాగ్రత్త. నీళ్లలోని కాల్షియం ఆల్జినేట్ గొలుసులను ఒకదానికొకటి కట్టేసి గడ్డలు చేస్తుంది. ఆ కాల్షియాన్ని పట్టేసే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ కొంచెం కలపండి, లేదా ఆర్‌ఓ నీళ్లు వాడండి. లీటరుకు 100 గ్రాముల యూరియా కూడా కావాలి. రంగు బంధం వేసుకోవడానికి తేమ ఉండాలి, తిరుపతి ఎండలో అచ్చు నిమిషాల్లో ఎండిపోతుంది, యూరియా ఆ తేమను పట్టి ఉంచుతుంది. వంటసోడా మాత్రం అచ్చువేసే ముందే కలపండి, ముందుగా కలిపితే రంగు నీళ్లతోనే చర్య జరిపి చచ్చుబడుతుంది. అచ్చు ఆరాక ఆవిరి పట్టాలి. ఇంకోమాట, అచ్చును రంగులో ముంచకండి. ట్రేలో స్పాంజి పరిచి, దాని మీద రంగు పూసి, అచ్చును అద్దుకోండి.

పట్టుచీర కొంగు మీదా ఇదే వాడవచ్చా అని చివర్లో అడిగారు. పట్టుకు సాధారణంగా ఆసిడ్ రంగులు వాడతారు. ఆసిడ్ తగిలితే ఆల్జినేట్ విరిగి గడ్డకడుతుంది. అక్కడ గోరుచిక్కుడు గింజల బంక, అంటే గ్వార్ గమ్ పెట్టుకోండి.