జిమ్ మానేస్తే కండ కొవ్వైపోతుందా? అపోహలు - వాస్తవాలు

బీపీ వచ్చిందనో, నడుములో డిస్కు జారిందనో, భుజం పట్టేసిందనో డాక్టరు "ఇక బరువులు ఆపెయ్" అన్నాక, ఇంట్లో వ్యాయామం నేర్చుకుందామని నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు అడిగేది ఒకటే: "అన్నా, జిమ్ మానేస్తే కండంతా కొవ్వైపోతుందట కదా?" ఎవరు చెప్పారంటే జిమ్‌లో ఎవరో అన్నారంటారు. ఈ ఒక్క మాటకి భయపడి, పొద్దున బీపీ మాత్ర వేసుకుని సాయంత్రం డెడ్‌లిఫ్ట్‌కి వెళ్లేవాళ్లను చూస్తూనే ఉన్నాను. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

కండ కొవ్వుగా మారదు. అవి రెండూ వేరువేరు కణజాలాలు, ఒకటి ఇంకొకటి అయ్యే దారే ఒంట్లో లేదు. జరిగేదల్లా వ్యాయామం తగ్గుతుంది, తిండి తగ్గదు. పొద్దున ఆరు గుడ్లు, మధ్యాహ్నం పళ్లెం నిండా అన్నం, చికెన్, సాయంత్రం షేక్, అన్నీ మామూలే, రెండు గంటల కసరత్తు మాత్రం లేదు. ఖర్చు కానిది పొట్టకి చేరుతుంది. మొదటి రెండు వారాల్లో చేతులు సన్నబడ్డట్టు కనిపిస్తే అది కూడా చాలావరకు కండలో ఉండే గ్లైకోజన్ (కండ దాచుకునే చక్కెర నిల్వ), దాన్ని అంటిపెట్టుకున్న నీరు తగ్గడమే. అద్దంలో చూసుకుని టెన్షన్ పడి మళ్లీ బార్‌బెల్ దగ్గరికి పరిగెత్తకండి.

పైగా ఉన్న కండని కాపాడుకోవడానికి, దాన్ని పెంచడానికి పట్టినంత శ్రమ అక్కర్లేదు. 2011లో అమెరికాలో బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించిన అధ్యయనంలో, ఎత్తే బరువు తగ్గించకుండా సెట్లను తొమ్మిదో వంతుకి తగ్గించినా కుర్రవాళ్ల కండ 32 వారాలు నిలిచింది. అరవై దాటినవాళ్లకి బలం నిలిచింది కానీ కండ కొంత తగ్గింది. అంటే గంటలు తగ్గినా పర్వాలేదు, చేసే ఆ కాసేపు గట్టిగా చెయ్యాలి.

కూకట్‌పల్లిలో ఒకాయనకి నలభై దాటాక బీపీ 160/100 అని తేలింది. చాలా ఏళ్లు కష్టపడి పెంచిన ఒళ్లు, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నాకు ఆయన బాధ అర్థమైంది. కానీ ఊపిరి బిగబట్టి ఎత్తేటప్పుడు ఏమవుతుందో కూడా తెలియాలి కదా. 1985లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో బాడీబిల్డర్ల ధమనిలోనే గొట్టం పెట్టి కొలిస్తే, భారీ లెగ్‌ప్రెస్ (కాళ్లతో బరువు నెట్టడం) చేస్తున్నప్పుడు బీపీ సగటున 320/250కి వెళ్లింది. ఆ అంకె విన్నాక ఆయన మాట్లాడలేదు. మందులతో బీపీ అదుపులోకి వచ్చి డాక్టరు సరే అన్నాకే మొదలుపెట్టాం. పుష్-అప్‌లో నాలుగు అంకెలు లెక్కపెడుతూ దిగమన్నాను, లేస్తూ నోటితో గాలి వదలమన్నాను. బెంచ్ మీద వంద కిలోలు కొట్టిన మనిషికి ఎనిమిదో దానికే మోచేతులు వణికాయి. అక్కడే ఆపించాను, ఎందుకంటే చివరి ఒకటి రెండు కోసం ఊపిరి బిగబడితే మళ్లీ మొదటికొస్తుంది. కాళ్లకి, వెనక పాదం దివాన్ మీద పెట్టి ఒంటికాలి స్క్వాట్లు. అవి తేలికయ్యాక బియ్యం నింపిన బ్యాగు వీపుకి తగిలించుకుని అవే స్క్వాట్లు. బీపీ 180/110 దాటి ఉంటే మాత్రం ఇంట్లో కూడా ఏదీ మొదలుపెట్టొద్దు, ముందు డాక్టరు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "బరువుల్లేకుండా కండ పెరగదు" అనేది తప్పు, తక్కువ బరువుతోనైనా ఇక చేతకానంత దగ్గరికి వెళ్తే పెరుగుతుంది. వీపుకి మాత్రం ఇంట్లో కష్టమే, బ్యాండో తలుపుకి పెట్టే రాడ్డో కొనుక్కోండి. "పొడి లేకపోతే ప్రొటీన్ చాలదు" అనేవాళ్లు, కండ కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వద్దని మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024లో ఇచ్చిన ఆహార సూచనలు చదవాలి. "ఇంట్లో చేస్తే దెబ్బలు తగలవు" అనేది కూడా నమ్మొద్దు, డిస్కు జారినవాళ్లు నేల మీద సిటప్స్ కొట్టి నొప్పి పెంచుకుని వస్తున్నారు. ముందు ఫిజియో దగ్గరికి వెళ్లండి.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు. "ఫలానావాడు జిమ్ మానేశాక ఎలా అయిపోయాడో చూడు" అని చూపించేవాళ్లలో కొందరు ఆపింది జిమ్ ఒక్కటే కాదు, కండ పెంచే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు కూడా. అవి వాడినన్నాళ్లూ ఒంటి సొంత టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) తయారీ మూతపడుతుంది, ఆపాక కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఆ మధ్యలో కండ తగ్గడం, నీరసం, దిగులు అన్నీ వస్తాయి. మీరూ వాడి ఉంటే సిగ్గుపడకండి, ఇంకో ఇంజెక్షన్‌తో సరిచేసుకోవాలనీ చూడకండి. ఎండోక్రైనాలజిస్టుని (హార్మోన్ల డాక్టరుని) కలిసి ఏం వాడారో, ఎన్నాళ్లు వాడారో ఉన్నదున్నట్టు చెప్పండి, ఖాళీ సీసా ఉంటే అదీ తీసుకెళ్లి చూపించండి.