ట్రైనింగ్ అయిపోయింది సరే, వార్డులో ఏం మారింది? నర్సుల శిక్షణను కొలవడం వెనకున్న కథ

హాస్పిటల్లో నర్సులకి ఏ ట్రైనింగ్ పెట్టినా చివర్లో తంతు ఒకటే. పోస్ట్ టెస్ట్, ఫీడ్‌బ్యాక్ ఫారం, గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్. ఇన్ఫెక్షన్ కంట్రోల్ అయినా, సీపీఆర్ అయినా, కొత్తగా కొన్న ఇన్‌ఫ్యూజన్ పంప్ (సెలైన్, మందులు కొలిచి ఎక్కించే మెషీన్) వాడకమైనా అంతే. ఇంతమంది హాజరయ్యారు, సగటు మార్కులు ఇంత పెరిగాయి అని రిపోర్ట్ రాస్తారు, ఫైల్ మూసేస్తారు. ఆ తర్వాత అదే నర్సు నైట్ డ్యూటీలో ఒక్కతే ఉన్నప్పుడు నేర్చుకున్నది చేసిందా లేదా అన్నది మాత్రం ఆ ఫైల్లో ఎక్కడా దొరకదు. పోనీ ఇది ఎవరికీ తట్టని ప్రశ్నా అంటే కాదు, ఎన్నో దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు, కొలిచే పద్ధతులు కూడా బోలెడు వచ్చాయి, అయినా ఎందుకు తేలట్లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1860లో లండన్ సెయింట్ థామస్ హాస్పిటల్లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు మీద నర్సింగ్ స్కూల్ మొదలైంది. అక్కడ ట్రైనీలు నేర్చుకునేది చాలావరకు వార్డులోనే, పని చేస్తూనే. నెలనెలా ప్రతి ట్రైనీ మీద ఒక షీట్ నింపేవాళ్లు, ఆ బాధ్యత మేట్రన్ మిసెస్ వార్డ్రోపర్‌ది. అందులో సగం గుణగణాలు, అంటే టైముకి రావడం, సద్దు లేకుండా మసలడం, నమ్మకంగా ఉండటం, శుభ్రత లాంటివి, మిగతా సగం పని, అంటే గాయాలకి డ్రెస్సింగ్, కట్లు కట్టడం, రోగిని చూసుకోవడం. ఇప్పుడు చూస్తే ఇదేంటి కాండక్ట్ సర్టిఫికెట్‌లా ఉంది అనిపిస్తుంది, ఒక్క మనిషి అభిప్రాయమే అంతా. కానీ ఒకటి గమనించండి, అక్కడ నేర్చుకునే చోటు, పనిచేసే చోటు దాదాపు ఒకటే, కాబట్టి క్లాసులో చెప్పింది వార్డు దాకా వచ్చిందా అన్న ప్రశ్నే పుట్టే అవసరం లేదు.

ఆ ప్రశ్న పుట్టింది చదువు వార్డు నుంచి విడిపోయాక. ఇరవయ్యో శతాబ్దంలో నర్సింగ్ మెల్లగా కాలేజీలకి, క్లాస్‌రూములకి వెళ్లింది. ఇంకోపక్క ఐసీయూలు వచ్చాయి, మెషీన్లు వచ్చాయి, డిగ్రీలో చదివింది చాలక ఉద్యోగంలో ఉన్నవాళ్లకి కూడా మళ్లీ మళ్లీ ఇన్-సర్వీస్ ట్రైనింగులు పెట్టాల్సి వచ్చింది. 1960లో నార్వేలో లేర్డాల్ తయారుచేసిన రెససీ యాన్ బొమ్మ వచ్చాక రోగి లేకుండానే సీపీఆర్ ప్రాక్టీస్ చేయొచ్చు. మంచిదే, కానీ బొమ్మ మీద వచ్చిన చేయి మనిషి మీద కూడా అలాగే ఆడుతుందా? 1901లోనే థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే ఇద్దరు సైకాలజిస్టులు ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోట పనికొచ్చేది ఆ రెండింట్లో ఒకేలా ఉన్న అంశాల మేరకే అని తేల్చారు. ఈ లెక్కన ప్రశాంతమైన ఏసీ హాల్లో నేర్పింది, పది బెల్లులు ఒకేసారి మోగే వార్డుకి ఎంత వెళ్తుందో ఊహించుకోవచ్చు.

ట్రైనింగ్‌ని కొలవడానికి ఇప్పుడు అందరూ వల్లెవేసే నాలుగు లెవెల్స్ మాత్రం హాస్పిటల్లో పుట్టినవి కావు, కంపెనీల ట్రైనింగ్ లోకం నుంచి వచ్చాయి. విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన డొనాల్డ్ కర్క్‌ప్యాట్రిక్ 1959-60లో అమెరికా ట్రైనింగ్ డైరెక్టర్ల పత్రికలో నాలుగు వ్యాసాలు రాశాడు. ట్రైనింగ్ నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, దాంతో సంస్థకి ఫలితం వచ్చిందా, ఇవీ ఆ నాలుగు. చెప్పడానికి చాలా సింపుల్, అందుకే అంత పాపులర్ అయింది. చిక్కంతా మూడో మెట్టు దగ్గరే. మొదటి రెండూ హాల్లో కూర్చోబెట్టి ఒక కాగితంతో కానిచ్చేయొచ్చు. మూడోదానికి ఎవరో ఒకరు వారాల తర్వాత వార్డుకి వెళ్లి నిలబడి చూడాలి, వాళ్ల జీతం ఎవరిస్తారు, చూసేదాన్ని ఏ కొలమానంతో రాస్తారు, అసలు నర్సులు ఒప్పుకుంటారా. ఇన్ని ఉన్నాయి కాబట్టి చాలామంది రెండో మెట్టు మీదే కూర్చుండిపోయారు.

ఈలోపు ఒక అంకె పుట్టింది, దాని కథ తమాషాగా ఉంటుంది. ట్రైనింగ్‌లో చెప్పిందాంట్లో 10 శాతమే పనిలోకి వస్తుంది అని మీరు వినే ఉంటారు. 1982లో జార్జెన్‌సన్ అనే ఆయన ఒక వ్యాసం మొదట్లో, 10 శాతమే పనిలో కనిపిస్తుందని నా అంచనా అంటూ ట్రైనింగ్ వాళ్లు అనడం ఎన్నిసార్లు విన్నారు అన్నట్టు మాటవరసకి అడిగాడు. సర్వే లేదు, డేటా లేదు. తర్వాత వాళ్లు దాన్ని ఆధారంగా చూపించారు, వాళ్లని చూసి ఇంకొకరు, అలా అలా అది రీసెర్చ్‌లో తేలిన నిజంలా స్థిరపడిపోయింది. తర్వాత 2006లో సాక్స్, బెల్‌కోర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు కెనడాలో నిజంగానే సర్వే చేస్తే, ట్రైనింగ్ అయిన వెంటనే 62 శాతం మంది, ఆరు నెలలకి 44 శాతం, ఏడాదికి 34 శాతం మంది వాడుతున్నారని వచ్చింది. కాకపోతే అది కూడా ట్రైనింగ్ విభాగాల వాళ్లు వేసిన అంచనాయే, ఎవరూ పక్కన నిలబడి లెక్కపెట్టింది కాదు. అంచనా అని ఒప్పుకున్నారు, అంతవరకు నయం.

1988లో బాల్డ్విన్, ఫోర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని, నేర్చుకున్నది పనిలోకి రావడం మూడింటి మీద ఆధారపడుతుందన్నారు. నేర్చుకునే మనిషి, ట్రైనింగ్ తయారీ, పనిచేసే చోటు పరిస్థితి. ఈ మూడోదాన్ని గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నర్సింగ్ తన సొంత కొలమానాలు తయారుచేసుకున్నప్పుడు ఎక్కువగా జారిపోయింది అదే.

1978లో ష్విరియన్ అనే పరిశోధకురాలు నర్సు పనితీరుని కొలిచే ఆరు కోణాల స్కేల్ తెచ్చింది, నాయకత్వం, క్రిటికల్ కేర్, రోగికి నేర్పించడం, ప్లానింగ్ లాంటివి కలిపి 52 అంశాలు. 1984లో ప్యాట్రిషియా బెన్నర్ కొత్తవాళ్ల నుంచి ఎక్స్‌పర్ట్ దాకా నర్సు అయిదు దశల్లో ఎదుగుతుందని రాసింది, ఎక్స్‌పర్ట్ నర్సు చెక్‌లిస్ట్ చూసుకుని పనిచేయదు, పరిస్థితి మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేస్తుంది అని. ఇది నిజమైతే చెక్‌లిస్ట్‌తో కొలిచేవాళ్లకి పెద్ద తలనొప్పే. ఆ బెన్నర్ ఆలోచన మీదే 2004లో ఫిన్లాండ్‌లో మెరెటోయా 73 అంశాల నర్స్ కాంపిటెన్స్ స్కేల్ చేసింది, చాలా దేశాల్లో వాడుతున్నారు. అన్నీ శ్రద్ధగా చేసినవే, కానీ వాడేటప్పుడు ఎక్కువసార్లు నర్సు తనకి తానే మార్కులు వేసుకోవాలి, కొత్తగా చేరినవాళ్లు ధీమాగా ఎక్కువ వేసుకోవచ్చు, ఇరవై ఏళ్ల సీనియర్ తనకి తెలియనిదెంతో తెలుసు కాబట్టి తక్కువ వేసుకోవచ్చు. పైగా అవి అడిగేది ఎంత చేయగలరు అని. చేయగలగడం, రోజూ చేయడం వేరని డాక్టర్ల చదువుల గురించి మాట్లాడుతూ జార్జ్ మిల్లర్ 1990లో ఒక పిరమిడ్ గీసి మరీ చెప్పాడు, తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపిస్తారు, నిజంగా చేస్తారు అని. అప్పటికే 1975 నుంచి ఉన్న ఓఎస్‌సీఈ పరీక్ష, అంటే ఎగ్జామినర్ ముందు ఒక్కో పనీ చేసి చూపించేది, కూడా ఈ పిరమిడ్‌లో మూడో మెట్టు దాకే తీసుకెళ్తుంది, ఎందుకంటే అక్కడ ఎగ్జామినర్ ఎదురుగా ఉంటారు.

ఆ నాలుగో మెట్టు, నిజంగా చేస్తారా అన్నది, గట్టిగా కొలిచింది చేతులు కడుక్కునే విషయంలోనే. జెనీవా యూనివర్సిటీ హాస్పిటల్లో డిడియే పిట్టే టీమ్ వార్డుల్లో నిలబడి, చేయి శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలెన్ని, చేసుకున్నవెన్ని అని లెక్కపెట్టింది. 1994లో 48 శాతం, 1997కి 66 శాతం. మధ్యలో వాళ్లు పెట్టింది ఉత్త లెక్చర్లు కాదు, పోస్టర్లు, ఎప్పటికప్పుడు ఫీడ్‌బ్యాక్, అన్నిటికంటే ముఖ్యంగా ఆల్కహాల్ రబ్ (నీళ్లు లేకుండా చేతులకి రుద్దుకునే శానిటైజర్) మంచం దగ్గరే అందేలా పెట్టారు. సింక్ దాకా నడిచి, సబ్బుతో కడిగి, తుడుచుకుని రావడానికి పట్టే టైమ్‌ని మంచం పక్కన సీసా మిగిల్చింది. 2009లో డబ్ల్యూహెచ్‌ఓ గైడ్‌లైన్స్‌లో చేతులు శుభ్రం చేసుకోవాల్సిన అయిదు సందర్భాలు అని పెట్టి, వాటిని చూసి ఎలా లెక్కపెట్టాలో కూడా చెప్పారు.

ఇక్కడ ఇంకో మెలిక. చూసేవాళ్లుంటే ఎవరైనా జాగ్రత్తగానే ఉంటారు కదా. 2014లో కెనడా నుంచి వచ్చిన ఒక స్టడీలో ఎలక్ట్రానిక్ సిస్టమ్ పెట్టి చూస్తే, ఆడిటర్ కనిపించే చోట శానిటైజర్ వాడకం కనిపించని చోటుతో పోలిస్తే దాదాపు మూడింతలుంది. మరి సెన్సర్లే నయం కదా అంటే, అవి ఎన్నిసార్లు నొక్కారో చెప్తాయి, రోగిని ముట్టుకునే ముందా తర్వాతా అన్నది చాలావాటికి తెలియదు. రోజంతా మెడలో సెన్సర్ ఉన్న బ్యాడ్జ్ లెక్కపెడుతుంటే పనిచేసేవాళ్లకి ఎలా ఉంటుందో అది ఇంకో గొడవ.

ఎప్పుడు కొలవాలన్నది కూడా చిన్న విషయం కాదు. సీపీఆర్ నైపుణ్యం కొన్ని నెలల్లోనే తగ్గిపోతుందని చాలా స్టడీలు చూపించాయి, రెండేళ్లకోసారి సర్టిఫికెట్ రెన్యువల్ అంటే మధ్యలో చాలాకాలం చేయి తుప్పుపట్టే ఉంటుంది. ట్రైనింగ్ అయిన మర్నాడు కొలిస్తే అందరూ పాసే.

ఇక బాల్డ్విన్, ఫోర్డ్ చెప్పిన ఆ మూడో సంగతి, పనిచేసే చోటు. 2002లో లిండా ఐకెన్ టీమ్ పెన్సిల్వేనియా హాస్పిటళ్ల లెక్కలు తీస్తే, నర్సుకి ఒక్క రోగి ఎక్కువైనా సర్జరీ రోగుల్లో 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది. అది ట్రైనింగ్ మీద స్టడీ కాదు, అయినా ట్రైనింగ్ కొలిచేవాళ్లు చదవాల్సిందే, ఎనిమిది మందిని చూసే నర్సు స్టెప్పులు మానేస్తే అది మర్చిపోవడమా, చేతులు చాలకపోవడమా? 2006లో ప్రచురించిన మిచిగన్ ఐసీయూల ప్రాజెక్టులో సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఇన్ఫెక్షన్లు మూడు నెలల్లో కనీసం సగం ఐసీయూల్లో సున్నాకి వచ్చాయి. అక్కడ చదువు చెప్పారు, చెక్‌లిస్ట్ ఇచ్చారు, దానితోపాటు కావాల్సిన సామానంతా ఒకే ట్రాలీలో పెట్టారు, డాక్టర్ స్టెప్ తప్పితే ఆపే అధికారం ఐసీయూ సిబ్బందికి ఇచ్చారు. తెలిసినదాన్ని నోరు తెరిచి చెప్పే వీలు లేకపోతే, నర్సుకి ఎన్ని మార్కులు వచ్చినా ఆ స్టెప్ తప్పుతూనే ఉండేది, కొలిచేవాళ్ల కాగితంలో అది నర్సు ఖాతాలోనే పడేది.

ఇప్పుడు కొంచెం బుర్రపెట్టి చేసేచోట మూడు నెలల తర్వాత నర్సుకీ, ఇన్‌ఛార్జ్‌కీ విడివిడిగా ఫారం పంపుతున్నారు, కొన్ని వార్డుల్లో చెప్పకుండా వెళ్లి చూస్తున్నారు, రికార్డులు కూడా తిరగేస్తున్నారు. నన్నడిగితే ఆ ఫారంలో మొదటి ప్రశ్న నేర్చుకున్నది వాడుతున్నారా అని కాకుండా, వాడబోతే ఏం అడ్డొచ్చింది అని ఉండాలి, ఆ జవాబులు ట్రైనింగ్ సెల్‌కి కాదు, స్టాఫ్ పోస్టింగులు, సామాను కొనుగోళ్లు చూసేవాళ్ల టేబుల్ మీదకి వెళ్లాలి.