మందును మోసే మట్టి: పేచీ మొదలైంది 2019లో

బంకమట్టికి ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసేది), చిటోసాన్ (రొయ్యల పెంకుల నుంచి తీసేది) లాంటి సహజ పాలిమర్లు కలిపి, మందును మెల్లమెల్లగా వదిలే పూసలు తయారుచేయడంపై చర్చ మళ్ళీ వేడెక్కింది. పూసలు చేయొచ్చని ల్యాబుల్లో ఎప్పుడో తేలిపోయింది. ఆ మట్టిని రోజూ మింగించొచ్చా అన్నదే అసలు పేచీ. అది అర్థం కావాలంటే 2019 నాటి ఫ్రాన్స్‌కి వెళ్లాలి.

అక్కడ విరేచనాలకు స్మెక్టా అనే మట్టి పొడి బాగా వాడుకలో ఉన్న మందు. ప్యాకెట్‌కు 3 గ్రాముల డయోస్మెక్టైట్ అనే బంకమట్టి. చంటిపిల్లలకూ పట్టేవారు. ఆ ఏడాది ఫ్రెంచ్ మందుల నియంత్రణ సంస్థ ఇలాంటి మట్టి మందులను రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వాడొద్దంది. కారణం సీసం. ఎవరో కల్తీ చేసింది కాదు, నేలలోంచి తవ్వినప్పుడే మట్టిలో ఉండేది. అయిదు వారాలు వాడిన పెద్దవాళ్ల రక్తంలోకి సీసం చేరే ముప్పు కనబడలేదని ఒక అధ్యయనం చూపించింది. పసిపిల్లల విషయంలో ఆ భరోసా ఇవ్వలేమని సంస్థ తేల్చింది.

ఈ జాగ్రత్తకు కారణం మట్టి స్వభావంలోనే ఉంది. ఇలాంటి పూసల్లో వాడే బంకమట్టి ఖనిజం మాంట్‌మోరిల్లోనైట్ పొరలు ఒక్కోటి సుమారు 1 నానోమీటరు మందం. ఋణావేశమున్న ఆ పొరల నడుమ సోడియం అయాన్లుంటాయి. ధనావేశమున్న మందు వాటిని తోసేసి అక్కడ చేరుతుంది. ఆ మట్టిని ఆల్జినేట్‌లో కలిపి, సూదితో కాల్షియం క్లోరైడ్ నీళ్లలోకి చుక్కలుగా వదిలితే పడ్డ చుక్క పడ్డట్టే పూసలా గట్టిపడుతుంది. కడుపులో ముడుచుకుని ఉండి, పేగుల్లోకి వెళ్లాక ఉబ్బి మందు వదులుతుంది. మందును పట్టి ఉంచే ఆ పొరలే సీసాన్నీ పట్టి ఉంచుతాయి. ఒంట్లోని ఆమ్లం, లవణాలు మందును బయటికి తోసినట్టే సీసాన్నీ కొంత తోయగలవు.

మాంట్‌మోరిల్లోనైట్ ఎక్కువగా ఉండే బెంటొనైట్ మట్టి సురక్షితమని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎప్పుడో ఒప్పుకుందని సమర్థకులు అంటారు. నిజమే. కానీ ఆ గుర్తింపు ఆహార తయారీలో వాడి, చెప్పుకోదగ్గ అవశేషం మిగలకుండా తీసేసే మట్టికి. మింగేదానికి కాదు. 2014 నాటి అంతర్జాతీయ మార్గదర్శకం నోటి మందుల్లో సీసానికి రోజుకు 5 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది. 10 పీపీఎం (పది లక్షల భాగాల్లో 10 భాగాలు) సీసమున్న మట్టి మాత్రకు 200 మిల్లీగ్రాములు పడితే వచ్చేది 2 మైక్రోగ్రాములే అన్న లెక్క పెద్దవాళ్లకు సరిపోవచ్చు. పిల్లలకు సరిపోదు. సీసానికి సురక్షితమైన మోతాదు చెప్పలేమంటూ డబ్ల్యూహెచ్‌ఓ, ఐరాస ఆహార సంస్థ ఎఫ్‌ఏఓల ఉమ్మడి నిపుణుల సంఘం పాత వారపు పరిమితిని 2010లోనే వెనక్కి తీసుకుంది.

మందు ఎంత వదిలిందో కొలిచే ద్రావణంలోనే సీసం ఎంత దిగిందో కూడా కొలవాలి. ఆ అంకె చేతికి రాకుండా పిల్లల మందుల్లోకి ఈ మట్టిని తేకూడదు.