జేజి పెట్టెలో క్యాసెట్లు

కడప

చిరంజీవులకు మీ మేనత్త ఆశీస్సులు.

జేజి పాత పెట్టెను ఎందుకు పారేయనివ్వలేదని కర్మాంతరం రోజున అడిగారు. ఇంటినిండా చుట్టాలు, అప్పుడు చెప్పే తీరిక లేకపోయింది.

1984లో మా నాన్న వేయించిన మూడో బోరులోనూ నీళ్లు పడలేదు. వేరుశనగ పోయింది, మా అమ్మ (మీ జేజి) కమ్మలు తాకట్టుకు వెళ్లాయి. అప్పుడే ఒక ఏజెంటు కువైట్ వీసా ఉందంటూ వచ్చాడు. నాకు 12 ఏళ్లు, మీ నాన్నకు 7. మమ్మల్ని అవ్వకు అప్పగించి అమ్మ విమానం ఎక్కింది.

1961 దాకా కువైట్‌లో చెల్లింది మన రిజర్వు బ్యాంకు విడుదల చేసిన రూపాయే. అమ్మ వెళ్లేనాటికి మాత్రం ఒక దినారుకు 40 రూపాయలకు అటూ ఇటూగా వచ్చేది. జీతం నెలకు 25 దినార్లు. ఆడకూలి రోజుకు 10 రూపాయలు కూడా లేని మా పల్లెకు అది పెద్ద సంపదే. ఏజెంటు చెప్పని సంగతి ఒకటుంది. దిగగానే పాస్‌పోర్టు యజమాని తీసుకునేవాడు. అతన్ని కఫీల్ అంటారు. అతను ఒప్పుకోనిదే ఇల్లు మారడానికి ఉండేది కాదు.

ఇంటి యజమానురాలిని ‘మామా’ అని పిలవాలట. “ఆడమనిషిని పట్టుకుని మామా అంటున్నాను, మీ మామ వింటే ఏమంటాడో” అని మొదటి క్యాసెట్టులో ఒకటే నవ్వు.

అవును, క్యాసెట్టే. అమ్మకు రాయడం రాదు. ఊరికి వచ్చేవాళ్లెవరైనా ఉంటే మాటలు రికార్డు చేసి పంపేది. గొంతు వెనక ఏసీ హోరు. సగం అప్పుల లెక్కే, ఎవరికి ముందు తీర్చాలి, ఎవరు ఆగుతారు అని. మధ్యలో ఉన్నట్టుండి “బర్రె ఈనిందా?” అని అడిగి, జవాబు కోసం ఆగేది. టేపు తిరుగుతూనే ఉండేది. ఆ కాస్త ఖాళీలో మీ నాన్న టేప్‌రికార్డరు మీదికి వంగి, “ఈనిందమ్మా, పెయ్యదూడ” అని చెప్పేవాడు. ఎన్నిసార్లు వేసినా అదే చోట, అదే జవాబు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. రెండు నెలలు కబురు లేదు. అమ్మ బాగ్దాద్ మీదుగా బస్సుల్లో జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానంలో బొంబాయి వచ్చింది. అలా తిరిగొచ్చిన మనవాళ్లు దాదాపు 1,70,000 మంది. బొంబాయి–మద్రాసు రైలుమార్గం కడప మీదుగానే కదా, నేరుగా ఇక్కడే దిగింది. చేతిలో ఈ పెట్టె. అందులో రెండు చీరలు, ఒక పాలపొడి డబ్బా. మీ నాన్న ఆశగా మూత తీస్తే, లోపల మేం పంపిన క్యాసెట్లు!

1992లో మళ్లీ వెళ్లింది. నేను స్టేషనుకు కూడా పోలేదు. అప్పులు తీరాయి కదా, ఇంకెందుకని కోపం. నా పెళ్లి కోసమని తర్వాత తెలిసింది. ఆ కోపం తప్పని మాత్రం ఇప్పటికీ అనుకోను. అడిగి ఉంటే పెళ్లి వద్దనేదాన్ని.

మీరు పాలు ఒలకబోసినప్పుడు జేజి ‘ఖల్లీవల్లీ’ అనేది, గుర్తుందా? అది అరబ్బీ మాట, పోనీలే అని. అందరం తిన్నాక వంటింట్లో నిలబడి తినడమూ అక్కడి అలవాటే. ఎన్నిసార్లు పీట వేసినా కూర్చోలేదు.

అమ్మవీ మావీ కలిపి క్యాసెట్లు 11 మిగిలాయి. ఒకదాని టేపు బయటికి వచ్చేస్తే పెన్సిలుతో తిప్పి లోపలికి చుట్టాను. వేసవి సెలవులకు రండి, విందాం. బర్రె సంగతి వచ్చినప్పుడు మాత్రం మీరెవరూ మాట్లాడకండి, మీ నాన్నను చెప్పనివ్వండి.

మీ
మేనత్త